ఇటలీ పల్లెలో స్నేహితులంతా కలిసి ఇల్లు అద్దెకు తీసుకోవడం: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ బ్యాచ్‌లు, ఆఫీసు స్నేహితులు, నాలుగైదు జంటలు కలిసి ఇటలీలోని టస్కనీ వైపు ఒక ఇల్లు తీసుకుని వారం ఉండొద్దామని అనుకోవడం మన దగ్గర కూడా బాగా పెరిగింది. వాట్సాప్‌లో ఎవరో ఫోటో పెడతారు, అందరూ సరే అంటారు, ఆ తర్వాత అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ముందు అనుకునేటప్పుడు

మేం ఎనిమిది మందిమి. హోటల్ తీసుకోకుండా పల్లెలో ఇల్లే ఎందుకు?

హోటల్లో నాలుగు గదులు తీసుకుంటే రాత్రి తొమ్మిదికి ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. ఇంట్లో అలా కాదు, ఒకే వంటగది, ఒక పొడవాటి బల్ల, బయట కూర్చోడానికి చెట్టు కింద చోటు ఉంటాయి. ఒకరు బెంగళూరులో, ఒకరు హైదరాబాద్‌లో, ఇద్దరు తిరుపతిలోనే ఉండి పెళ్లిళ్లలో తప్ప కలవని బ్యాచ్‌కి ఆ సాయంత్రాలే అసలు ట్రిప్పు. కానీ మీ ఆలోచన రోమ్, వెనిస్, పారిస్ అన్నీ ఒకే వారంలో చూసెయ్యాలని అయితే ఇల్లు తీసుకోకండి. పొద్దున వెళ్లి రాత్రి వచ్చి పడుకోవడానికి అంత డబ్బు పెట్టడం దండగ. ఏడు రోజుల్లో కనీసం మూడు రోజులు ఎక్కడికీ వెళ్లకుండా ఇంటి దగ్గరే ఉండటానికి అందరూ ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి.

టస్కనీ అంటే చాలా పెద్దది కదా, ఏ వైపు చూడాలి?

మొదటిసారి అయితే ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య ఉన్న కియాంతి కొండలు చూడండి. ద్రాక్ష తోటలు, చిన్న ఊళ్లు ఉంటాయి, రెండు నగరాలూ దగ్గరే. ఫోటోల్లో కనిపించే సైప్రస్ చెట్ల వరసలు, గుండ్రటి గుట్టలు కావాలంటే సియెనాకి దక్షిణంగా ఉన్న వాల్ డోర్చా వెళ్లాలి. అది 2004 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి, పాల ప్యాకెట్ కావాలన్నా కారు తీయాలి. సముద్రం కూడా కావాలనుకునే వాళ్లకు మారెమ్మా వైపు బాగుంటుంది.

ఏ నెలలో వెళ్తే మంచిది? మా పిల్లలకి వేసవి సెలవులే కుదురుతాయి.

మే నెల, సెప్టెంబర్ రెండూ చాలా మంచివి. మన వేసవి సెలవుల్లో మే రెండో సగం సరిగ్గా సరిపోతుంది. మనకి ఇక్కడ ఎండ మండిపోతుంటే అక్కడ పగలు హాయిగా, రాత్రి స్వెటర్ వేసుకునేంత చల్లగా ఉంటుంది. జూన్‌లో రాత్రి 9 దాకా వెలుతురే. జులై, ఆగస్టులో అక్కడా ఎండలు 35 డిగ్రీలు దాటతాయి, అద్దెలూ బాగా ఎక్కువ. ఆగస్టు 15 వాళ్లకి కూడా పెద్ద పండగ, ఆ చుట్టుపక్కల రోజుల్లో చాలా దుకాణాలు మూసేస్తారు. సెప్టెంబర్‌లో ద్రాక్ష కోత, అక్టోబర్ చివరి నుంచి ఆలివ్ కోత. పల్లె పని చూడాలనే ఆసక్తి ఉంటే ఆ రోజులే సరైనవి.

అగ్రిటూరిస్మో అంటే ఏంటి? విల్లా తీసుకోవాలా, అది తీసుకోవాలా?

అగ్రిటూరిస్మో అంటే నిజంగా వ్యవసాయం చేసే కుటుంబం తమ పొలంలోనే అతిథులకు ఇచ్చే బస. దీనికి ఇటలీలో ప్రత్యేక చట్టమే ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్నది 2006లో వచ్చింది. ఓనర్ పక్కనే ఉంటారు, వాళ్ల నూనె, కూరగాయలు దొరుకుతాయి, చాలాచోట్ల భోజనం కూడా పెడతారు. ఈత కొలను మాత్రం ఇంకో రెండు కుటుంబాలతో పంచుకోవాల్సి రావచ్చు. విల్లా అయితే మొత్తం మీదే, కానీ ఏదైనా పాడైతే మనిషి రావడానికి టైం పడుతుంది. మొదటిసారి వెళ్లే బ్యాచ్‌కి నేను అగ్రిటూరిస్మోనే చెప్తాను. ఆ పెద్దావిడ పొద్దున వచ్చి టమాటాలు ఇచ్చి వెళ్లడం, ఏ రోజు ఏ ఊళ్లో సంత ఉందో చెప్పడం, ఇవి ఏ యాప్‌లోనూ దొరకవు.

శనివారం నుంచి శనివారం వరకే ఇస్తామంటున్నారు. మాకు ఐదు రోజులే కావాలి.

సీజన్‌లో పల్లె ఇళ్లు చాలావరకు వారం లెక్కనే ఇస్తారు, అదీ శనివారం దిగి శనివారం ఖాళీ చేసే పద్ధతి. బేరమాడినా ఒప్పుకోరు. మే మొదట్లో, అక్టోబర్‌లో అయితే నాలుగైదు రోజులకి కూడా ఇస్తారు. ఇంకో సంగతి, ఇంట్లోకి రానిచ్చేది సాయంత్రం 4 లేదా 5 తర్వాతే, ఖాళీ చేయాల్సింది ఉదయం 10 లోపు. విమానం టిక్కెట్లు తీసుకునేటప్పుడే ఇది చూసుకోండి, లేకపోతే సామానుతో రోడ్డు మీద ఆరేడు గంటలు గడపాలి.

అందరం కలిసి ఉండగలమా లేదా అని ముందే తెలుసుకోవడం ఎలా?

ఒక శని, ఆదివారం హార్స్‌లీ హిల్స్‌కో తలకోన వైపో అదే గుంపుతో వెళ్లి రండి. వంట మీరే చేసుకోండి, ఖర్చు రాసుకోండి. ఎవరు పొద్దున్నే లేస్తారు, ఎవరు గిన్నెలు కడగరు, డబ్బు దగ్గర ఎవరు మాట దాటేస్తారు అన్నీ రెండు రోజుల్లో బయటపడతాయి. ఇక్కడ కుదరని వాళ్లకి అక్కడా కుదరదు. ఆ మాట అప్పుడే చెప్పుకుంటే స్నేహం నిలుస్తుంది, ఇంటి అడ్వాన్స్ కట్టాక చెప్పుకుంటే కష్టం.

## డబ్బు, పంపకాలు

అద్దె కాకుండా ఇంకా ఏమేం ఖర్చులు పడతాయి?

చివర్లో శుభ్రం చేసినందుకు విడిగా తీసుకుంటారు. దుప్పట్లు, తువ్వాళ్లు కొన్నిచోట్ల అద్దెలో కలవవు. ఊరి పంచాయతీ లాంటి సంస్థ, దాన్ని కొమూనే అంటారు, ఒక్కో మనిషికి రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను వేస్తుంది. ఎంత, ఎన్ని రాత్రుల వరకు, ఏ వయసు పిల్లలకి మినహాయింపు అనేవి ఊరిని బట్టి మారతాయి, ఎక్కువగా నగదుగానే అడుగుతారు. చలికాలంలో అయితే హీటింగ్‌కి వాడినంత మీటర్ లెక్కన కట్టాలి, పల్లెల్లో గ్యాస్ ట్యాంకు మీద నడుస్తుంది కాబట్టి అది చిన్న మొత్తం కాదు. ఇవి కాక కారు, పెట్రోలు, టోల్, కిరాణా. ఇవన్నీ కలిపిన మొత్తాన్ని తలకి పంచి చూశాకే "చవగ్గా ఉంది" అనండి.

గదులు అన్నీ ఒకేలా లేవు. పెద్ద గది వాళ్లూ చిన్న గది వాళ్లూ ఒకే డబ్బు ఇవ్వాలా?

ఇవ్వకూడదు. ఉదాహరణకు వారం అద్దె 2,800 యూరోలు, నాలుగు గదులు, ఎనిమిది మంది అనుకోండి. సమానంగా అయితే మనిషికి 350. కానీ బాత్‌రూమ్ కలిసి ఉన్న రెండు పెద్ద గదులకి 800 చొప్పున, మామూలు గదికి 650, మెట్ల కింద చిన్న గదికి 550 పెడితే మొత్తం అంతే వస్తుంది, ఎవరికీ బాధ ఉండదు. ధరలు ముందు తేల్చి, ఆ తర్వాత ఎవరికి ఏది కావాలో అడగండి. దిగాక గదుల కోసం పరుగెత్తడం అంత చిరాకు ఇంకోటి లేదు, మొహమాటస్తులే ఎప్పుడూ నష్టపోతారు.

మధ్యలో ఒకరు రానంటే వాళ్ల వాటా ఎవరు భరించాలి?

ఇది ముందే రాసుకోవాలి, నోటి మాట చాలదు. నాకు న్యాయం అనిపించే పద్ధతి ఇది: బుక్ చేశాక ఎవరు తప్పుకున్నా ఇంటి వాటా వదులుకోవాలి, తమ బదులు ఇంకొకరిని తెస్తే ఆ వాటా వెనక్కి వస్తుంది, కొత్త మనిషి మిగతా అందరికీ నచ్చాలి. వీసా రాకపోవడం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడం వేరు, అలాంటప్పుడు ఆ భారం అందరూ పంచుకోవాలి. గుంపులో ఈ నాలుగు వాక్యాలు టైప్ చేసి అందరితో "సరే" అని పెట్టించుకోండి. స్నేహితుల మధ్య ఇదేంటి అని ఎవరైనా అంటే, స్నేహం ఉండాలనే ఇది అని చెప్పండి.

అందరి డబ్బూ ఒకరి ఖాతా నుంచి కడితే ఏమైనా ఇబ్బందా?

విదేశాలకి పంపే డబ్బు ఎవరు పంపితే వాళ్ల పాన్ మీద లెక్కలోకి వస్తుంది. ఆర్‌బీఐ పథకం ప్రకారం ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, కాబట్టి పరిమితి సమస్య కాదు. కానీ ఎనిమిది మంది ఖర్చూ ఒకరి పాన్ మీద కనిపిస్తే రేపు ఐటీ శాఖ అడిగినప్పుడు ఆ ఒక్కరే వివరణ ఇచ్చుకోవాలి. మిగతావాళ్లు తమ వాటాని యూపీఐలో కాకుండా బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గా, "ఇటలీ ఇంటి వాటా" అని రాసి పంపితే మంచిది. ట్రావెల్ ఏజెంట్ దగ్గర మొత్తం ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను పట్టుకుంటారు, అది ఎక్కడికీ పోదు, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో జమ అవుతుంది.

కార్డు వాడాలా, యూరోలు మార్చుకుని తీసుకెళ్లాలా?

రెండూ కావాలి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ వాడకానికి 3.5 శాతం దాకా అదనంగా వేస్తాయి, తక్కువ వేసే కార్డు లేదా ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు చూసుకోండి. అక్కడి మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది, అది ఎప్పుడూ మనకి నష్టమే. సంతలో కూరగాయలకి, పర్యాటక పన్నుకి, ఇంటి డిపాజిట్‌కి నోట్లు ఉండాలి. మన దగ్గర నుంచి నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు.

## ఇల్లు ఎంచుకోవడం, బుక్ చేయడం

ఫోటోలు బాగున్నాయి, కానీ ఇల్లు నిజంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

2025 జనవరి 1 నుంచి ఇటలీలో ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కోడ్ ఉండాలి. దాన్ని సీఐఎన్ అంటారు, ప్రకటనలో తప్పకుండా చూపించాలి, ఐటీ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. అది లేని ప్రకటన ఎంత చవకైనా వదిలేయండి. ఫోటోలని గూగుల్ లెన్స్‌లో వెతికి చూస్తే అదే ఇల్లు ఇంకో పేరుతో ఇంకో దేశంలో కనిపిస్తుందేమో తెలిసిపోతుంది. ఓనర్‌తో ఒక వీడియో కాల్ అడగండి, నిజమైన వాళ్లు సంతోషంగా ఇల్లంతా తిప్పి చూపిస్తారు. "వెబ్‌సైట్ కమీషన్ ఎందుకు, నేరుగా నా ఖాతాకి పంపండి, తగ్గిస్తాను" అని తొందరపెట్టే వాళ్ల దగ్గర ఆగిపోండి.

ఓనర్‌ని ముందే ఏమేం అడగాలి?

ఎన్ని బాత్‌రూమ్‌లు, వాటిలో ఎన్ని గది లోపలే ఉన్నాయి. డబుల్ బెడ్ అన్నది రెండు మంచాలు కలిపి వేసిందా, విడదీయొచ్చా. "పది మందికి సరిపోతుంది" అన్నప్పుడు అందులో సోఫా కమ్ బెడ్ ఎన్ని. ఈత కొలను ఏ తేదీ నుంచి తెరుస్తారు, చాలాచోట్ల మే చివరి దాకా మూసే ఉంటుంది, నీళ్లు వేడిగా కూడా ఉండవు. చివరి రెండు కిలోమీటర్ల రోడ్డు తారుదా, మట్టిదా. దగ్గర్లో కిరాణా కొట్టు ఎంత దూరం. ఇంట్లో మొబైల్ సిగ్నల్ ఉందా, రాతి గోడలకి వైఫై పక్క గదికి కూడా రాదు. పెద్దవాళ్లు వస్తుంటే కింద అంతస్తులో ఒక పడకగది ఉందా, ఇది తప్పకుండా అడగండి, పాత ఇళ్లలో రాతి మెట్లు నిటారుగా, పట్టుకోడానికి ఏమీ లేకుండా ఉంటాయి.

అడ్వాన్స్ కట్టాక ఓనర్ ఇవ్వనంటే?

నేరుగా ఓనర్‌తో ఒప్పందం చేసుకుంటే కాగితంలో ఆ అడ్వాన్స్‌ని ఏమని రాశారో చూడండి. కపార్రా కన్ఫిర్మాతోరియా అని ఉంటే ఇటలీ సివిల్ కోడ్ 1385వ అధికరణ వర్తిస్తుంది: మీరు మానుకుంటే ఆ డబ్బు పోతుంది, ఓనర్ మాట తప్పితే మీకు రెట్టింపు ఇవ్వాలి. వెబ్‌సైట్ ద్వారా బుక్ చేస్తే ఆ సైట్ రద్దు నిబంధనలే లెక్క. వీసా ఇంకా రాని వాళ్లకి నా సలహా, కొంచెం ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకునే అవకాశం ఉన్న ఇల్లే తీసుకోండి.

## వీసా, కాగితాలు

గ్రూప్ వీసా అని ఒకటి ఉంటుందా? ఒకరు వెళ్లి అందరివీ ఇవ్వొచ్చా?

లేదు. ఇటలీతో సహా ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాని షెంగెన్ వీసా అంటారు, ఎవరిది వాళ్లదే, వేలిముద్రలు ఇవ్వడానికి ప్రతి ఒక్కరూ స్వయంగా సెంటర్‌కి వెళ్లాలి. ఇంతకుముందు ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల లోపువి అయితే తిరిగి అడగకపోవచ్చు. ఇటలీ దరఖాస్తులు వీఎఫ్‌ఎస్ అనే ప్రైవేటు సంస్థ తీసుకుంటుంది, మీ చిరునామా ఏ సెంటర్ కిందికి వస్తుందో సైట్‌లో చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోండి. బ్యాచ్‌లో సగం మంది బెంగళూరు చిరునామాతో, సగం తిరుపతి చిరునామాతో ఉంటే సెంటర్లు వేరు పడొచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయొచ్చు, కానీ వేసవికి స్లాట్లు దొరకవు, కాబట్టి సంక్రాంతి అయిపోగానే మొదలుపెట్టండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, అంతకంటే చిన్నవాళ్లకి లేదు. సర్వీస్ ఛార్జీ వేరు.

ఇల్లు ఒకరి పేరు మీద బుక్ అయింది. మిగతావాళ్ల వీసాకి అది చెల్లుతుందా?

బుకింగ్ కాగితంలో అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఓనర్‌కి రాస్తే పేర్లు చేర్చి మళ్లీ పంపుతారు. ప్రతి ఒక్కరి కవరింగ్ లెటర్‌లోనూ ఒకే తేదీలు, ఒకే ఇల్లు, తోడు వచ్చే వాళ్ల పేర్లు ఉంటే అధికారికి అనుమానం రాదు. ఒకరు 7 రాత్రులనీ ఇంకొకరు 9 అనీ రాస్తే ఇద్దరికీ ఇబ్బంది. మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టు ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఇటలీలో ఇల్లు, కానీ మధ్యలో పారిస్ కూడా చూస్తాం. ఏ దేశానికి అప్లై చేయాలి?

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే. ఇంట్లో 7 రాత్రులు, పారిస్‌లో 3 అయితే ఇటలీకి.

అక్కడ ఎయిర్‌పోర్టులో కొత్తగా వేలిముద్రలు తీస్తున్నారట, నిజమేనా?

నిజమే. 2025 అక్టోబర్ 12 నుంచి ఐరోపా సరిహద్దుల్లో ఈఈఎస్ అనే పద్ధతి దశలవారీగా మొదలైంది, స్టాంపు బదులు ఫోటో, వేలిముద్రలు నమోదు చేస్తారు. క్యూ పెద్దగా ఉండొచ్చు, దిగిన గంటన్నరకే రైలు టిక్కెట్ పెట్టుకోకండి.

## సామాను, తిండి

నెయ్యి, కరివేపాకు, మామిడికాయలు తీసుకెళ్లొచ్చా?

ఈ మూడూ వద్దు. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేనివ్వదు, నెయ్యి సీసా, పనీర్, పాలకోవా అన్నీ అందులోకే వస్తాయి. పచ్చి ఆకులు, పళ్లు, కూరగాయలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, మినహాయింపు ఉన్నవి అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం లాంటి కొన్నే. ఎండు కొబ్బరి మాత్రం తీసుకోకండి, త్వరగా అంటుకునే గుణం వల్ల విమానాల వాళ్లు అభ్యంతరం పెడతారు. కంది పొడి, కరివేపాకు పొడి, చెనక్కాయల పొడి, చింతపండు, ఆవకాయ, ఇంగువ, తాలింపు గింజలు గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. వెన్న అక్కడ మంచిది దొరుకుతుంది, ఇంట్లోనే కాచుకుంటే పది నిమిషాల్లో నెయ్యి.

కుక్కర్, మిక్సీ తీసుకెళ్లాలా?

చిన్న కుక్కర్ ఒకటి తప్పకుండా, ఎనిమిది మందికి అన్నం వాళ్ల గిన్నెల్లో వండటం యాతన. ఇండక్షన్ పొయ్యి ఉందేమో అడిగి, ఉంటే దానికి పనికొచ్చే అడుగు ఉన్నది తీసుకోండి. అక్కడ కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి మిక్సీ మామూలుగానే నడుస్తుంది. ప్లగ్ మాత్రం మనది పట్టదు, సాకెట్లో మూడు సన్న రంధ్రాలు ఒకే వరసలో ఉంటాయి, ఇటలీకి పనికొచ్చే అడాప్టర్లు రెండు మూడు కొనుక్కోండి.

మాలో నలుగురు శాకాహారులు. తిండికి ఇబ్బంది పడతామా?

ఇబ్బంది పడరు, కానీ ఒకటి తెలుసుకోవాలి. పాస్తా మీద తురిమే పార్మిజానో చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో, అంటే పాలు విరగ్గొట్టే పదార్థంతో చేస్తారు. గట్టి నియమం ఉన్నవాళ్లు చీజ్ వద్దని ముందే చెప్పాలి. గుడ్డు తినని వాళ్లకి సియెనా వైపు దొరికే పీచీ అనే లావు పాస్తా బాగుంటుంది, పిండి, నీళ్లతోనే చేస్తారు, వెల్లుల్లి టమాటా సాస్‌తో అడగండి. ప్యాకెట్లో దొరికే ఎండు పాస్తాలో కూడా సాధారణంగా గుడ్డు ఉండదు. రొట్టె, టమాటా కలిపి ఉడికించే పప్పా అల్ పొమోదోరో, రొట్టె ముక్కల సలాడ్ పాంజనెల్లా మన నోటికి బాగా పడతాయి. సూపుల్లో మాంసం రసం వేశారా అని అడగండి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, మొదటి ముద్దకి చప్పగా అనిపిస్తుంది, దానికి మన ఊరుబిండి రాసుకుని తిని చూడండి.

కిరాణా ఎక్కడ కొనాలి?

కోప్, కోనాడ్, ఎసెలుంగా లాంటి సూపర్ మార్కెట్లు. కూరగాయలు ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని తీసుకోవాలి, చాలాచోట్ల మీరే తూకం వేసి స్టిక్కర్ అంటించాలి. బాస్మతి, శనగలు, మసూర్ పప్పు దొరుకుతాయి, కందిపప్పు చిన్న ఊళ్లలో దొరకదు. పల్లెల్లో మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా చిన్న కొట్లు మూస్తారు, ఆదివారం సాయంత్రం ఏమీ ఉండదు. శనివారం దిగుతున్నారు కాబట్టి ఇంటికి వెళ్లే దారిలోనే రెండు రోజులకి సరిపడా కొనేయండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఇంటికి బావి నీళ్లేమో ఓనర్‌ని అడిగితే చాలు.

## ఇంట్లో దిగాక

ఓనర్ అందరి పాస్‌పోర్టులూ అడుగుతున్నారు. ఇవ్వడం మంచిదేనా?

ఇవ్వాలి, అది చట్టం. అతిథుల వివరాలు 24 గంటల్లో పోలీసుల పోర్టల్‌లో నమోదు చేయడం ఓనర్ బాధ్యత. చూసి, రాసుకుని వెంటనే తిరిగిచ్చేస్తారు. పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి.

మాటిమాటికీ కరెంటు పోతోంది, ఇల్లు పాడైనట్టా?

పాడవలేదు. ఇటలీలో మామూలు ఇళ్ల కనెక్షన్ 3 కిలోవాట్లే. ఒవెన్, నీళ్లు కాచే కెటిల్, వాషింగ్ మెషీన్ మూడూ ఒకేసారి వేస్తే మీటర్ దగ్గరే స్విచ్ పడిపోతుంది. ఆ మీటర్ ఒక్కోసారి ఇంటి బయట, గేటు దగ్గర గోడలో ఉంటుంది, దిగిన రోజు వెలుతురు ఉండగానే ఎక్కడుందో చూపించమనండి. పెద్ద మెషీన్లు ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటే టెన్షన్ ఉండదు. ఏసీ చాలా పాత ఇళ్లలో ఉండదు. పగలు చెక్క కిటికీ రెక్కలు మూసి, రాత్రి తెరిస్తే లావు రాతి గోడలు చల్లగానే ఉంచుతాయి.

బాత్‌రూమ్‌లో నీళ్ల సౌకర్యం ఉంటుందా?

ఉంటుంది, ఈ విషయంలో ఇటలీలో మనకి హాయి. ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్‌రూమ్‌లో బిడే, అంటే కడుక్కోడానికి కుళాయి ఉన్న చిన్న తొట్టి, ఉండాలని 1975 నుంచి నిబంధన ఉంది. పల్లె ఇళ్లకి సెప్టిక్ ట్యాంకే కాబట్టి వెట్ వైప్స్, శానిటరీ ప్యాడ్లు, నూనె అందులో వేయకండి. అది పొంగితే వారం మొత్తం పాడవుతుంది, డిపాజిట్ కూడా పోతుంది.

వంట ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతుంది. దీనికి ఏం చేయాలి?

ఇది మొహమాటం లేకుండా చెప్పాలి, ఎందుకంటే చాలా బ్యాచ్‌లలో ఇదే జరుగుతోంది: మగవాళ్లు బయట కూర్చుని కబుర్లు, ఆడవాళ్లు లోపల ఎనిమిది మందికి దోసెలు. అది వాళ్లకి సెలవు కాదు. ఇద్దరిద్దరిగా జట్లు చేసి, భార్యాభర్తల్ని ఒకే జట్టులో పెట్టకుండా, ఒక్కో జట్టుకి ఒక రోజు వంట, ఇంకో జట్టుకి గిన్నెలు అని కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వంట రాని వాళ్లు ఆ రోజు పాస్తా ఉడికించినా చాలు, లేదా అందరినీ ఊళ్లో భోజనానికి తీసుకెళ్లి తమ వంతు డబ్బు పెట్టుకోవచ్చు. వారంలో రెండు రాత్రులు బయట తినడం అని ముందే అనుకుంటే అందరికీ ఊపిరి ఆడుతుంది.

రాత్రి చలిమంట వేసుకుని పాటలు పెట్టుకోవచ్చా?

వేసవిలో అడవి మంటల భయంతో బయట నిప్పు పెట్టడం నిషేధం, జరిమానాలు గట్టిగా ఉంటాయి. బార్బెక్యూ కోసం కట్టిన చోటే, ఓనర్ సరేనంటేనే వాడండి. పల్లెలో శబ్దం చాలా దూరం పోతుంది, పక్క గుట్ట మీద రైతు పొద్దున 5కి లేవాలి. రాత్రి 10 తర్వాత స్పీకర్ ఆపేయండి.

ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?

అత్యవసరానికి 112. మామూలు జ్వరం, దగ్గుకి ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపుకి వెళ్తే వాళ్లే చూసి ఇస్తారు. బీపీ, షుగర్ మందులు డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. ఇంటి చిరునామా పల్లెల్లో మ్యాప్‌కి అందదు, ఇంటి లొకేషన్ పిన్ అందరి ఫోన్లలోనూ సేవ్ చేసి ఉండాలి, అంబులెన్స్‌కి అదే దారి.

## కారు, రోడ్డు

మన లైసెన్స్ చాలా? తిరుపతిలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇస్తారా?

మన లైసెన్స్ ఒక్కటే చాలదు, దాంతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి మీ ఆర్టీఓ ఆఫీసులోనే తీసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. ఎనిమిది మందిలో కనీసం ముగ్గురికి ఉండాలి, లేకపోతే ఆ ఒక్కరికీ సెలవే ఉండదు. డ్రైవర్‌తో కలిపి 9 సీట్ల వ్యాన్ మామూలు కారు లైసెన్స్‌తోనే నడపొచ్చు, కానీ చిన్న ఊళ్ల సందుల్లో రెండు చిన్న కార్లే నయం. అద్దె సంస్థ డిపాజిట్ నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీదే పట్టుకుంటుంది.

మేం రోజూ తిరుమల ఘాట్ ఎక్కేవాళ్లం, అక్కడి రోడ్లు మాకొక లెక్కా?

మలుపులు లెక్క కాదు. కానీ తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురు బండి రాదు. టస్కనీ తెల్ల మట్టి రోడ్లలో ఒక్క బండి పట్టే చోట ఎదురుగా ట్రాక్టర్ వస్తుంది, మీరే వెనక్కి వెళ్లాలి, పైగా స్టీరింగ్ ఎడమవైపు, బండి నడిచేది కుడివైపు. మొదటి రోజు చీకటి పడకముందే ఇంటికి చేరేలా చూసుకోండి. ఊరి బయట పగలైనా హెడ్‌లైట్లు వేయాలి. మోటార్‌వేలో గరిష్ఠ వేగం 130, మామూలు ఊరి బయటి రోడ్లలో 90, ఊళ్లో 50.

జెడ్‌టీఎల్ అంటే ఏంటి? అందరూ భయపెడుతున్నారు.

ఫ్లోరెన్స్, సియెనా, పీసా లాంటి పాత నగరాల నడిబొడ్డున అనుమతి లేని బండ్లు వెళ్లకూడని ప్రాంతం. గేటు ఉండదు, ఎవరూ ఆపరు, కెమెరా నంబర్ తీసుకుంటుంది. ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు. ఫోన్ మ్యాప్ ఒక్కోసారి నేరుగా అందులోకే తీసుకెళ్తుంది. నగరం బయట పార్కింగ్‌లో బండి పెట్టి ట్రామ్‌లోనో నడిచో వెళ్లండి.

ఎవరికీ డ్రైవింగ్ ధైర్యం లేదు. కారు లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది, ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి. చెర్తాల్దో, పొజ్జిబొన్సి లాంటి రైలు స్టేషన్ ఉన్న ఊళ్లకి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు చూడండి, అక్కడి నుంచి సియెనా, ఫ్లోరెన్స్ రైల్లోనే వెళ్లొచ్చు. ఆదివారం బస్సులు దాదాపు ఉండవు.

## తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

డిపాజిట్ మొత్తం వెనక్కి రావాలంటే?

దిగిన వెంటనే ఇంటి లోపల వీడియో తీయండి, అప్పటికే పగిలినవి ఉంటే అదే రోజు ఓనర్‌కి పంపండి. చివరి రోజు చెత్తని తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు అని వేరుచేసి వాళ్లు చెప్పిన డబ్బాల్లోనే వేయాలి, దీన్ని అక్కడ చాలా గట్టిగా చూస్తారు. పొయ్యి మీద పసుపు, నూనె మరకలు లేకుండా తుడవండి, తెల్ల పాలరాయి గట్టు మీద పసుపు పడితే అసలు పోదు. ఏదైనా పగిలితే దాచకుండా చెప్పండి, చాలామంది ఓనర్లు గ్లాసులకీ ప్లేట్లకీ డబ్బు తీసుకోరు.

వచ్చిన రెండు నెలలకి కార్డులో డబ్బు కట్ అయింది, ట్రాఫిక్ ఫైన్ కట్టినట్టేనా?

కాదు. అది మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు కారు అద్దె సంస్థ తీసుకున్న ఛార్జీ. అసలు జరిమానా నోటీసు ఆ తర్వాత మీ ఇంటికి వస్తుంది, విదేశాల్లో ఉండేవాళ్లకి పంపడానికి వాళ్లకి 360 రోజుల గడువుంది. అందిన 5 రోజుల్లో కడితే మామూలు జరిమానాల్లో 30 శాతం తగ్గుతుంది, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. నోటీసులో తేదీ, సమయం ఉంటాయి, ఆ రోజు బండి ఎవరు నడిపారో గుంపులో అడిగి తేల్చుకోండి. నడిపిన వాళ్లే కట్టాలా, అందరూ పంచుకోవాలా అనేది ప్రయాణానికి ముందే అనుకుని ఉంటే మంచిది. నా మటుకు నాకు అందరూ పంచుకోవడమే సబబు, ఎందుకంటే ఆ మనిషి నడిపింది అందరి కోసం.